పన్నెండు టపాలు రాసినా పాఠకులు రావట్లేదంటే: కొత్త తెలుగు బ్లాగులో ముందు సరిచూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మిద్దెతోట మీద తెలుగులో బ్లాగు పెట్టి రెండు నెలలైంది, గూగుల్ వారి ఉచిత వేదిక బ్లాగర్‌లో పన్నెండు టపాలున్నాయి, రోజుకు నలుగురైదుగురికి మించి రావట్లేదు, గూగుల్‌లో బ్లాగు పేరు కొట్టినా కనబడట్లేదు. వర్డ్‌ప్రెస్ అనే ఇంకో వేదికకు మారాలా? డబ్బులిచ్చి ప్రచారం చేయించాలా?

రెండూ ఇప్పుడే వద్దండీ. పేరు కొట్టినా రావట్లేదంటే లోపం ప్రచారంలో లేదు, గూగుల్ జాబితాలోకి బ్లాగు బహుశా ఇంకా ఎక్కలేదు. తలుపుకు గడియ వేసి ఊళ్లో దండోరా వేయిస్తే వచ్చినవాళ్లు వచ్చినట్టే తిరిగిపోతారు. ముందు గడియ సంగతి చూద్దాం.

బ్లాగర్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అనే భాగం ఉంటుంది. సెర్చ్ ఇంజిన్లకు బ్లాగు కనబడాలా వద్దా అన్న మీట అక్కడే ఉంది, అది ఆన్‌లో ఉండాలి. కాస్త కిందికి వెళ్తే క్రాలర్స్ అండ్ ఇండెక్సింగ్ వస్తుంది. ఏదో వీడియో చూసి అక్కడ కస్టమ్ రోబోట్స్ అంటూ నింపి ఉంటే మొత్తం ఆఫ్ చేసేయండి. టపాలకు పొరపాటున నోఇండెక్స్ (గూగుల్ జాబితాలో చేర్చొద్దు) అన్న టిక్కు పెట్టేసి నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు ఎక్కువ. ఆ భాగం ఖాళీగా ఉంటే బ్లాగర్ తన పని తాను సరిగ్గానే చేసుకుంటుంది. వర్డ్‌ప్రెస్‌లోనూ ఇలాంటి టిక్కే రీడింగ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. సైటు కడుతున్నప్పుడు పెట్టి, కట్టడం అయ్యాక తీయడం మర్చిపోతారు.

తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్. గూగుల్‌కు మీ బ్లాగు ఎలా కనబడుతోందో చూపే ఉచిత పనిముట్టు ఇది. బ్లాగు ఏ జీమెయిల్‌తో తెరిచారో దానితోనే లాగిన్ అయి, యూఆర్ఎల్ ప్రిఫిక్స్ పద్ధతిలో బ్లాగు చిరునామా ఇవ్వండి. ఒకే ఖాతా కాబట్టి సొంతదారు మీరేనని మామూలుగా దానంతటదే ఒప్పుకుంటుంది. సైట్‌మ్యాప్స్ అన్న చోట 'సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్ఎంఎల్' అని ఇంగ్లిషులో టైపు చేసి పంపండి, మీ టపాల లింకుల జాబితా ఉండే ఆ ఫైలును బ్లాగరే తయారుచేసి ఉంచుతుంది. ఇక మీ పన్నెండు టపాల్లో మంచివి నాలుగు ఎంచుకుని ఒక్కోదాని లింకును పైనున్న పెట్టెలో అతికించి, రిక్వెస్ట్ ఇండెక్సింగ్ నొక్కండి. రోజుకు కొన్నిటికే అనుమతిస్తుంది. ఒకే లింకును రోజూ నొక్కడం వల్ల ఒరిగేది లేదు.

వారం పది రోజుల తర్వాత పేజెస్ నివేదిక తెరిస్తే రెండు మాటలు తరచూ కనబడతాయి. 'డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటే చిరునామా తెలుసు, ఇంకా వచ్చి చూడలేదని. దానికి మందు ఓపిక, మీ ఇతర టపాల నుంచి దానికి లింకులివ్వడం. 'క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటే వచ్చి చదివి పక్కన పెట్టిందని. ఇది రాతకు సంబంధించిన సంగతి. టపా మరీ పొట్టిగా ఉండొచ్చు, అదే విషయం మీ ఇంకో టపాలోనే ఉండొచ్చు, ఎక్కడిదో తెచ్చి అతికించి ఉండొచ్చు. రెండు పొట్టి టపాలను కలిపి ఒక్కటి చేస్తే చాలాసార్లు సరిపోతుంది. చివర ప్రశ్నార్థకం, ఎం, సమానం, ఒకటి (?m=1) తగిలించుకున్న లింకులు కొన్ని అదే నివేదికలో కనబడతాయి. అవి మీ టపాల మొబైలు రూపాలు, వాటిని ఏమీ చేయనక్కర్లేదు.

ఇక్కడి దాకా ఏ భాష బ్లాగుకైనా ఒకటే. తెలుగు బ్లాగుకే వచ్చే తంటాలు వేరే ఉన్నాయి. ఇంగ్లిషు సలహాలు చదివి చేసేవాళ్లు వీటి దగ్గరే దెబ్బతింటారు.

మొదటిది టపా చిరునామా. బ్లాగర్‌కు తెలుగు శీర్షిక ఇస్తే ఆ అక్షరాలను చిరునామాలోకి తీసుకోదు. మొదటి టపాకు 'బ్లాగ్-పోస్ట్' అని, తర్వాతి వాటికి దాని వెనక ఏవో అంకెలు తగిలించి పెట్టేస్తుంది. మీ పన్నెండూ ఇలాగే ఉండే అవకాశం ఎక్కువ. వాట్సాప్‌లో ఆ లింకు చూసినవాడికి లోపల వంకాయ ఉందో వడ్డీ లెక్కలున్నాయో తెలియదు. టపా రాసే చోట కుడివైపు పర్మాలింక్ అని ఉంటుంది. ప్రచురించే ముందే అక్కడ కస్టమ్ ఎంచుకుని, ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో మూడు నుంచి ఐదు మాటలు, మధ్యలో అడ్డగీతలతో పెట్టండి. వంగ, పిండినల్లి, వేపనూనె అన్న మూడు మాటలను రోమన్ లిపిలో రాస్తే చాలు. నెల, ఏడాది ముందు తగులుతాయి. బ్లాగర్‌లో వాటిని తీయలేం, వాటివల్ల నష్టమూ లేదు.

పాత టపాల చిరునామా మార్చాలంటే టపాను డ్రాఫ్టుకు వెనక్కి తెచ్చి, మార్చి, మళ్లీ ప్రచురించాలి. అప్పుడు పాత లింకు చస్తుంది. అది కొత్తదానికి మళ్లాలంటే సెట్టింగ్స్‌లో ఎర్రర్స్ అండ్ రీడైరెక్ట్స్ కింద పాత దారి, కొత్త దారి ఇచ్చి పర్మనెంట్ మీట వేయండి. రెండు దారులూ ఏటవాలు గీతతో (/) మొదలవ్వాలి, ముందు సైటు పేరు ఉండకూడదు. అయితే పన్నెండింటికీ ఈ తతంగం అక్కర్లేదు. బాగా పనికొచ్చే మూడు నాలుగింటికి చేసి తక్కినవి వదిలేయండి.

వర్డ్‌ప్రెస్ తెలుగును చిరునామాలోకి తీసుకుంటుంది గానీ అక్కడ ఇంకో చిక్కు. తెలుగు గుర్తు ఒక్కొక్కటి యూటీఎఫ్-8 అనే కంప్యూటరు సంకేత పద్ధతిలో 3 బైట్లు, చిరునామాలో శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలు. అక్షరమే కాదు, గుణింతం, పొల్లు, సున్నా కూడా విడివిడిగా లెక్కే. వర్డ్‌ప్రెస్ ఆ భాగానికి 200 అక్షరాలే ఇస్తుంది. అంటే 22 గుర్తులు. 'వంగ మొక్కకు పిండినల్లి పడితే ఏం చేయాలి' అన్న శీర్షికలో మొదటి మూడు మాటలకే 20 గుర్తులైపోతాయి, చిరునామా 'పిండినల్లి-ప' దగ్గర తెగిపోతుంది. పైగా ఆ లింకును కాపీ చేసి పంపితే తెరంతా శాతం గుర్తులు, అంకెలే. చూసినవాళ్లు వైరస్ అనుకుని నొక్కరు. అందుకే ఏ వేదికైనా సరే శీర్షిక తెలుగులో, చిరునామా రోమన్‌లో.

రెండోది అక్షరాలు. పేజ్‌మేకర్‌లో 'అను' అనే పాత రకం ఫాంట్లతో టైపు చేసి పెట్టుకున్న పాత వ్యాసాలుంటే నేరుగా అతికించకండి. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లు, కంప్యూటర్లు గుర్తించే అక్షర సంకేతం) కావు, పాఠకుడికి పిచ్చిగీతలు కనబడతాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడాక కూడా ఒత్తులు, అరసున్నాలు, ఋ, క్ష ఉన్న చోట్ల ఒకసారి కళ్లతో చదివి దిద్దాల్సిందే. వర్డ్ ఫైలు నుంచి తెచ్చేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వీ కలిపి నొక్కి అతికించండి. లేదంటే వర్డ్ తాలూకు ఫాంటు పేరు, సైజు కూడా వెంటొచ్చి ఫోనులో ఒక పేరా పెద్దగా, ఒక పేరా చిన్నగా తయారవుతుంది.

చదవడానికి ఫాంటు ఒకటి, శీర్షికలకు ఒకటి, అంతే. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, నోటో సాన్స్ తెలుగు టపా లోపలికి బాగుంటాయి. రామభద్ర లాంటి లావు ఫాంటు శీర్షికకే పరిమితం చేయండి, పేరాలకు పెడితే రెండో పేరాకే కళ్లు లాగుతాయి. అంతకన్నా ముఖ్యం వరుసల మధ్య జాగా. ఇంగ్లిషు థీముల్లో అది ఒకటిన్నర లోపే ఉంటుంది. తెలుగులో పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. థీమ్ కస్టమైజ్‌లో అడ్వాన్స్‌డ్ కింద సీఎస్ఎస్ జోడించే చోట లైన్ హైట్ 1.75 పెట్టండి, అక్షరం సైజు 18 పిక్సెళ్లు. అక్షరాల మధ్య దూరం పెంచే లెటర్ స్పేసింగ్ సున్నా ఉంచండి, పెంచితే తెలుగు అక్షరాలు ఏ ముక్కకా ముక్క విడిపోయినట్టు కనబడతాయి. థీముగా బ్లాగర్ సొంత కాంటెంపో, సోహో లాంటివి చాలు. బయట ఉచితంగా దింపుకునే థీముల్లో తీయలేని లింకులు, ఎవరివో ప్రకటనల స్క్రిప్టులు దాగి ఉంటాయి.

సొంత డొమైన్ (మీ పేరున ఉండే వెబ్ చిరునామా) మాత్రం ఇప్పుడే కొనండి, బ్లాగర్‌లోనే ఉండండి. నలుగురూ లింకులు దాచుకున్నాక చిరునామా మార్చడం ఇల్లు మారడమే. అయితే బ్లాగర్‌లో సొంత డొమైన్ తగిలిస్తే పాత బ్లాగ్‌స్పాట్ లింకులను అదే కొత్తదానికి మళ్లిస్తుంది. డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా ఒకటే, మొదటి ఏడాది తగ్గింపు ధర కాదు, రెండో ఏడాది రెన్యువల్ ధర చూసి కొనండి. హోస్టింగ్, ఈమెయిలు, ఎస్‌ఎస్‌ఎల్ అంటూ బుట్టలో వేసేవన్నీ తీసేయండి. బ్లాగర్ ఇవ్వనిది వాటిలో మీకు అవసరమైంది ఏదీ లేదు. భారత్ అనే తెలుగు కొసతోనూ డొమైన్లున్నాయి. ముచ్చటగా ఉంటాయి గానీ చాలా చోట్ల ఎక్స్ఎన్ అని మొదలయ్యే అర్థంకాని రూపంలోకి మారిపోతాయి, కాబట్టి అసలు చిరునామాగా వద్దు.

తగిలించేటప్పుడు బ్లాగర్ రెండు సీనేమ్ రికార్డులు అడుగుతుంది, అంటే ఆ పేరు ఎక్కడికి వెళ్లాలో డొమైన్ అమ్మినవాళ్ల ప్యానెల్‌లో రాసే వరుసలు. ఒకటి 'డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ' అన్న పేరుతో గూగుల్ చిరునామాకు, రెండోది మీ ఖాతాకే ప్రత్యేకమైన పొడుగాటి కోడు. పేరు గడిలో డబ్ల్యూలు మూడే రాయాలి. పూర్తి డొమైన్ రాస్తే చాలా కంపెనీల ప్యానెళ్లు దాని వెనక మళ్లీ డొమైన్ తగిలిస్తాయి, రికార్డు పనిచేయదు. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. డబ్ల్యూలు లేకుండా కొట్టేవాళ్ల కోసం నాలుగు 'ఏ' (A) రికార్డులు: 216.239.32.21, 216.239.34.21, 216.239.36.21, 216.239.38.21. డొమైన్ అమ్మినవాళ్లు ముందే పెట్టి ఉంచిన పార్కింగ్ 'ఏ' (A) రికార్డు ఉంటే తీసేయండి, లేదంటే కొందరికి మీ బ్లాగు, కొందరికి వాళ్ల ప్రకటన కనబడుతుంది. చివరగా హెచ్‌టీటీపీఎస్ మీటలు రెండూ వేయండి. తాళం గుర్తు రావడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజు పడుతుంది. ఈలోపు కంగారుపడి రికార్డులు మార్చకండి. చిరునామా మారింది కాబట్టి సెర్చ్ కన్సోల్‌లో కొత్త డొమైన్‌ను విడిగా చేర్చాలి.

ఇప్పుడు రాత సంగతి. మీ శీర్షికల్లో ఒకటి 'నా మిద్దెతోట ముచ్చట్లు, ఐదో భాగం' అని ఉందన్నారు. లోపల వంగకు పట్టిన పిండినల్లి గురించి చక్కగా రాశారట. పిండినల్లితో విసిగిపోయినవాడు ఐదో భాగం కోసం వెతకడు. శీర్షిక 'వంగ మొక్కకు పిండినల్లి: వేపనూనె ఎంత, ఎప్పుడు కొట్టాలి' అని మార్చండి. మొదటి మూడు వాక్యాల్లోనే జవాబు చెప్పేయండి: లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి నాలుగు చుక్కల సబ్బునీళ్లు, సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి, వారానికి మళ్లీ. తర్వాత వివరాలు: చీమలు ఎక్కుతుంటే ముందు వాటి సంగతి ఎందుకు చూడాలి, సబ్బు ఎక్కువైతే ఆకు ఎలా మాడుతుంది, ఎండలో కొడితే ఏమవుతుంది. జవాబు ముందే చెప్పేస్తే పాఠకుడు వెళ్లిపోతాడని భయపడతారు గానీ, జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. ముందే దొరికితేనే నమ్మకం కుదిరి కిందికి దిగుతాడు.

తెలుగువాళ్లు మూడు రకాలుగా వెతుకుతారు. తెలుగు లిపిలో, రోమన్ లిపిలో తెలుగు, పూర్తిగా ఇంగ్లిషులో. మిద్దెతోటనే 'టెర్రస్ గార్డెన్' అని కొట్టేవాళ్లు బోలెడు, పిండినల్లిని 'మిలీబగ్' అనే నర్సరీవాళ్లూ బోలెడు. కాబట్టి టపాలో ఒక్కసారైనా ఆ రెండో పేరు తెలుగు లిపిలో సహజంగా వచ్చేలా చూడండి, రోమన్ రూపం చిరునామాలో ఎలాగూ ఉంటుంది. టపా చివర నలభై మాటలు రోమన్‌లో గుమ్మరించకండి, అది చెత్త కిందే లెక్క. సెట్టింగ్స్‌లో మెటా ట్యాగ్స్ కింద సెర్చ్ డిస్క్రిప్షన్ ఆన్ చేస్తే ప్రతి టపాకూ ఒక గడి వస్తుంది. అందులో ఒకటి రెండు వాక్యాల్లో సారాంశం రాయండి.

ఏం రాయాలో తోచనప్పుడు గూగుల్ పెట్టెలో 'టమాటా మొక్క' అని తెలుగులో కొట్టి ఆగండి, కింద రాలే సూచనలే మీ తర్వాతి టపాలు. తోటకు ఋతువు ఉంది కాబట్టి రాతకూ ఉంటుంది. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, జనం విత్తనాల కోసం వెతకడం అంతకుముందే మొదలవుతుంది. వానాకాలం పాదుల మీద టపా మే మొదట్లోనే పైన ఉండాలి. క్యాబేజీ, క్యారెట్ లాంటి శీతాకాలపు పంటల మీద ఆగస్టులో. కొత్త బ్లాగు టపా గూగుల్‌లో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఆవకాయ అయిపోయాక జాడీ కొన్నట్టు చేయకండి.

ఫొటోలు ఫోనులో ఒక్కోటి 3, 4 ఎంబీ ఉంటాయి. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, 150 కేబీ దగ్గర ఉంచండి. మిద్దె మీద తీసిన ఫొటోలో మీ ఇంటి లొకేషన్ కూడా ఇమిడి ఉంటుంది, కెమెరా సెట్టింగ్స్‌లో అది ఆపేసి తీయండి. గూగుల్ ఇమేజెస్‌లో దొరికిన తెగులు ఫొటోలు వాడకండి. మీ సొంత పాడైన ఆకు ఫొటో, మసకగా ఉన్నా, దానికన్నా విలువైంది.

ఇవన్నీ అయ్యాకే జనానికి చెప్పండి. కొత్త తెలుగు బ్లాగుకు మొదటి ఆరు నెలల్లో మనుషులొచ్చేది ఎక్కువగా వాట్సాప్, ఫేస్‌బుక్‌ల నుంచే. గూగుల్ తర్వాత నెమ్మదిగా అందుకుంటుంది.

వాట్సాప్‌లో లింకు వట్టిగా వెళ్తే ఎవరూ నొక్కరు, బొమ్మ, శీర్షిక కనబడాలి. బ్లాగర్ సాధారణంగా టపాలోని మొదటి ఫొటోనే ఆ బొమ్మగా తీసుకుంటుంది. కాబట్టి మొదటి ఫొటో అడ్డంగా, 1200 బై 630 కొలతకు దగ్గరగా, 300 కేబీ లోపు ఉండాలి. లింకు అతికించాక బొమ్మ వచ్చేదాకా రెండు సెకన్లు ఆగి పంపండి. టపాలో ఫొటో మార్చినా పాతదే వస్తుంటే లింకు చివర ప్రశ్నార్థకం, ఒక అంకె పెట్టి పంపితే కొత్తది తెచ్చుకుంటుంది. ఫేస్‌బుక్‌కైతే షేరింగ్ డీబగ్గర్ అనే పేజీలో లింకు ఇచ్చి స్క్రేప్ ఎగైన్ నొక్కాలి. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని పెట్టొచ్చు గానీ మీ నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. 200 మందిని చేర్చి ముప్పైమందే చూశారంటే కారణం మామూలుగా అదే. చుట్టాల గ్రూపుల్లో వారానికి ఒకటికి మించి వేయకండి. పెదనాన్నగారు మొహమాటానికి దండం బొమ్మ పెడతారు గానీ లింకు తెరవరు.

ఫేస్‌బుక్‌లో మిద్దెతోట గ్రూపులే మీ అసలు సంత. అక్కడ రోజూ ఎవరో ఒకరు ఆకు ఫొటో పెట్టి 'ఇదేం తెగులండీ' అని అడుగుతారు. 'నా బ్లాగులో రాశాను చూడండి' అని లింకు పడేస్తే అడ్మిన్ తీసేస్తాడు. జవాబు మొత్తం అక్కడే రాయండి: మందు, కొలత, ఎన్ని రోజులు. గ్రూపు నియమాలు ఒప్పుకుంటే చివర్లో 'ఫొటోలతో వివరంగా ఇక్కడుంది' అని లింకు, ఒప్పుకోకపోతే లింకు లేకుండానే. పది మంచి జవాబులు ఇచ్చినవాళ్ల ప్రొఫైలును జనమే తెరిచి చూస్తారు, బ్లాగు లింకు అక్కడ ఉంచండి. తెలుగు కోరాలోనూ ఇదే పద్ధతి.

2006 తర్వాత కొన్నేళ్లు తెలుగు బ్లాగులకు కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులే (అందరి కొత్త టపాలను ఒకచోట చూపే సైట్లు) రచ్చబండలు. టపా వేస్తే గంటలో వ్యాఖ్యలు పడేవి. ఆ వైభవం ఇప్పుడు లేదు. నడుస్తున్న సంకలిని ఏదైనా కనబడితే చేర్చండి, ఉచితమే, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి. తెలుగు వికీపీడియా వ్యాసాల కింద మీ లింకులు పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. వాళ్లు తీసేస్తారు, ఉన్నా ఆ లింకులకు నోఫాలో (ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దు) అన్న గుర్తు ఉంటుంది కాబట్టి గూగుల్‌లో ర్యాంకు పెరగదు. వెయ్యి బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మీ బ్లాగుకు లింకులు) ఇంత డబ్బుకని వచ్చే మెయిళ్లదీ అదే దారి, అది గూగుల్ స్పామ్ నియమాలకే విరుద్ధం. డబ్బులిచ్చే ప్రచారమూ మీకు ఇప్పుడు దండగే. వచ్చినవాళ్లను పట్టి ఉంచే టపాలు ముప్పై అయినా లేనప్పుడు కొన్న క్లిక్కు చిల్లుకుండలో నీళ్లే.

వచ్చినవాళ్లు మళ్లీ రావడానికి ఈమెయిలు చందా మంచిది. గూగుల్ వారి ఫీడ్‌బర్నర్ ఈమెయిలు సేవ 2021లో ఆగిపోయింది, దాన్ని పెట్టమని చెప్పే పాత పాఠాలు వదిలేయండి. మీ పాఠకులు మెయిలు చూసే రకం కాకపోతే వాట్సాప్ ఛానల్ తెరిచి, దాని లింకు ప్రతి టపా చివర పెట్టండి. వ్యాఖ్యల్లో క్యాప్చా తీసేయండి, తెలుగు టైపు చేయడమే ఒక పని, దాని మీద బస్సులు, ట్రాఫిక్ లైట్లు ఎంచమంటే ఎవరుంటారు? అజ్ఞాతలను అనుమతించి, 14 రోజులు దాటిన టపాలకు మాత్రం మీ ఆమోదం తర్వాతే కనబడేలా పెట్టండి. స్పామ్ ఎక్కువగా పాత టపాల మీదే పడుతుంది.

లెక్కల విషయం. బ్లాగర్ తన గణాంకాల్లో బాట్లను (తమంతట తామే సైట్లు తిరిగే ప్రోగ్రాములను) కూడా మనుషుల్లా చూపిస్తుంటుంది, ఒక్కరోజు ఏదో దేశం నుంచి 300 వీక్షణలు వచ్చాయంటే సంబరపడకండి. మీ సొంత చూపులు లెక్కించవద్దన్న మీట అక్కడే ఉంది, వేసుకోండి. గూగుల్ అనలిటిక్స్ ఐడీ సెట్టింగ్స్‌లో ఇస్తే కాస్త నిజం తెలుస్తుంది. అందులోనూ వాట్సాప్ నుంచి వచ్చేవాళ్లు చాలావరకు 'డైరెక్ట్' కింద పడతారు. ఏ గ్రూపు పనిచేస్తోందో తెలియాలంటే లింకు చివర యూటీఎం అనే గుర్తింపు తోక తగిలించి, ఒక్కో గ్రూపుకు ఒక్కో పేరు పెట్టండి. నెలకొకసారి సెర్చ్ కన్సోల్‌లో క్వెరీస్ (జనం వెతికిన మాటల) జాబితా చూడండి. కనబడ్డాయి గానీ ఎవరూ నొక్కలేదన్న మాటలు అక్కడ దొరుకుతాయి. వాటికి తగ్గట్టు పాత టపా శీర్షిక దిద్దడం కొత్త టపా రాయడం కన్నా ఎక్కువ ఫలం ఇస్తుంది.

ప్రకటనలు చూపి డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగుకు ఉంది. అయినా ఇప్పుడే అడగకండి. చెల్లింపుకు కనీసం 100 డాలర్లు చేరాలి, రోజుకు ఐదుగురితో అది ఎప్పటికి చేరేది? ఈలోపు ప్రకటనలు ఫోను తెరను ఆక్రమించి ఉన్న నలుగురినీ తరిమేస్తాయి. రోజుకు రెండు మూడు వందల మంది నిలకడగా వస్తున్నప్పుడు చూడండి.

వర్డ్‌ప్రెస్‌కు మారడం గురించి కూడా అప్పుడే. అప్పటిదాకా నెలకోసారి బ్లాగర్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ కంటెంట్ నొక్కి ఫైలు దింపుకోండి. అందులో రాతలు, వ్యాఖ్యలు ఉంటాయి, ఫొటోల కోసం మాత్రం దాన్ని నమ్ముకోకండి. వాటి అసలు కాపీలు టపా పేరుతో ఫోల్డరు చేసి విడిగా దాచుకోండి.